ఒపెల్ బ్లిట్జ్ ట్యాంకరు, స్టోర్చ్ విమానం: గోదావరి తేమలో 1/72 మోడళ్లు

1/72 స్కేలు అంటే ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం. ఈ లెక్క బుర్రలో ఉంటే కిట్‌లో, అంటే అతికించుకునే ప్లాస్టిక్ మోడల్ పెట్టెలో, ఏ ముక్క లావుగా పోశారో, ఏది సరిగ్గా ఉందో చూడగానే తెలిసిపోతుంది.

రెండో ప్రపంచయుద్ధపు జర్మన్ మోడళ్లనగానే చాలామంది టైగర్ ట్యాంకు దగ్గరో మెసర్‌ష్మిట్ 109 దగ్గరో ఆగిపోతారు. ఆ విమానానికి పెట్రోలు మోసుకొచ్చిన లారీ, ఉత్తరాలూ అధికారులనూ చేరవేసిన చిన్న విమానం, బురదలో బండిని లాగిన హాఫ్‌ట్రాక్ (ముందు చక్రాలు, వెనక ట్రాకులు ఉన్న బండి) ఎవరికీ పట్టవు. నా లెక్కలో మాత్రం చెయ్యి తిరిగేది వీటితోనే. ట్యాంకులో చక్రాలు, ట్రాకులు పోగా మిగిలేది పెట్టెలాంటి ఒళ్లే. ట్యాంకరు లారీలో ఛాసీ, యాక్సిళ్లు, జంట చక్రాలు, గొట్టాలు, అద్దాలు అన్నీ బయటికి కనబడతాయి. అందుకే ఈ టపా ఒక జంట గురించి: ఒపెల్ బ్లిట్జ్ లారీ మీద కట్టిన కెఎఫ్‌జెడ్ 385 ఇంధన ట్యాంకరు, ఫీజలర్ ఎఫ్‌ఐ 156 స్టోర్చ్ అనే చిన్న విమానం. రెండూ 1/72లో అకాడమీ కంపెనీ పెట్టెల్లో దొరుకుతాయి. ట్యాంకరును రోడెన్ కంపెనీ కూడా వేసింది.

ముందు కొలతలు. ఒపెల్ బ్లిట్జ్ మూడు టన్నుల లారీ పూర్తి పేరు 3.6-36ఎస్. 3.6 లీటర్ల ఇంజను, 3.6 మీటర్ల వీల్‌బేసు, ఎస్ అంటే స్టాండర్డు. 3600 మిల్లీమీటర్లను 72తో భాగిస్తే 50. అంటే ముందు ఇరుసు మధ్య నుంచి వెనక ఇరుసు మధ్యకి స్టీలు స్కేలు పెడితే 50 మి.మీ. రావాలి. ఛాసీ అతికించగానే ఇది కొలవండి, క్యాబిన్ పెట్టాక కొలిచి లాభం లేదు. 1/76 కిట్ అయితే ఇదే కొలత 47.4 మి.మీ. వస్తుంది. రెండు స్కేళ్లకీ తేడా ఐదున్నర శాతం. విడిగా చూస్తే తెలియదు గానీ 1/72 విమానం పక్కన 1/76 లారీ పెడితే డ్రైవరు తల స్టీరింగుకి ఆనినట్టు ఉంటుంది. కొనేటప్పుడు పెట్టె మీద అంకె చూసుకోండి.

స్టోర్చ్ రెక్కల పొడవు 14.25 మీటర్లు, మోడల్‌లో 198 మి.మీ. ముక్కు నుంచి తోక దాకా 9.9 మీటర్లు, అంటే 137 మి.మీ. పైచిలుకు. లారీ సుమారు 83 మి.మీ. ఈ రెండింటికీ 25 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు పలక చాలు.

పెట్టె ఇంటికొచ్చాక మొదట చూడాల్సింది వంకరలు. వేసవిలో కొరియర్ వ్యాన్లలో కాగిన కిట్‌లో పొడుగాటి సన్నముక్కలు మెలితిరుగుతాయి. బ్లిట్జ్ ఛాసీ పట్టాలు రెండూ అలాంటివే. గాజుపలక మీద పెట్టి చూడండి, ఒక మూల లేస్తే అది వంకరే. పాలిస్టైరీన్ సుమారు వంద డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి మరిగే నీళ్లు వద్దు. చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో ఒక నిమిషం ఉంచి, తీసి, గాజు మీద సమంగా నొక్కి, అలాగే చన్నీళ్లలో ముంచండి. ఒకసారికి రాకపోతే మళ్లీ చేయండి. వంకర ఛాసీని జిగురుతో లొంగదీద్దామనుకుంటే నాలుగో చక్రం నేలకి తగలదు.

ఇక మన ప్రాంతపు అసలు సమస్య, తేమ. అమలాపురం, నరసాపురం, భీమవరం వైపు ఎటు చూసినా కాలవ, చెరువు, వరిచేను. ఆ గాలిలో రంగు కొట్టడానికి పొడి దేశాల వాళ్లు రాసిన సమయాలు పనికిరావు. పాతిక రూపాయల బ్రష్షు మార్చినంత తేలిగ్గా గాలిని మార్చలేం కాబట్టి పనివేళను మార్చుకోవాలి. చిన్న హైగ్రోమీటరు ఒకటి కొని బల్ల మీద పెట్టుకోండి. లాకర్ రంగులు (వేగంగా ఆరే ద్రావకపు రంగులు), వార్నిష్‌లు తేమ 70 శాతం లోపు ఉన్నప్పుడే కొట్టండి. 80 దాటితే ఆ రోజు అతుకుల పని, ఉప్పుకాగితం పని చూసుకోండి.

తెల్లవారుజామున తేమ అన్నిటికంటే ఎక్కువ. రాజమండ్రి వైపు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మంచి వేళ. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరపు ఊళ్లలో సముద్రపు గాలి తిరగకముందే ముగించాలి. రోహిణి కార్తెలో తేమ తక్కువే గానీ అప్పుడు ఇంకో చిక్కు: రంగు తుంపర గాల్లోనే ఎండిపోయి మోడల్ మీద గరుకుగా, ఇసక చల్లినట్టు పడుతుంది. అప్పుడు థిన్నరు కొంచెం పెంచి, దూరం తగ్గించాలి. మృగశిర దాటి వానలు పట్టుకున్నాక మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ జోలికి పోకండి. కార్తీకంలో ఇంకొకటి: రాత్రి దీపం పెట్టి గ్లాస్ కోటు (మెరిసే వార్నిష్) కొడితే చేలల్లోంచి వచ్చే పచ్చదోమ నేరుగా తడి రంగు మీదే వాలుతుంది. ఆ నెలంతా పగటి పనే.

లాకర్ రంగు తెల్లగా పాలిపోవడానికి కారణం ఇది. థిన్నరు వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. చల్లబడ్డచోట గాలిలోని నీటి ఆవిరి సన్నటి చెమటలా పడుతుంది. ఆ తేమ ఆరుతున్న రంగు పైపొరలో చిక్కుకుని తెల్లటి మసకలా కనబడుతుంది. కంగారుపడి గీకెయ్యకండి. పొడిగా ఉన్న మధ్యాహ్నం చూసి, రిటార్డరు (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రావకం) కలిసిన థిన్నరును ఒట్టిగా, పలచగా ఒక పొర కొట్టండి. పైపొర మళ్లీ కరిగి, చిక్కుకున్న తేమ వదిలి, మసక పోతుంది. మిస్టర్ లెవలింగ్ థిన్నరులో రిటార్డరు ముందే ఉంటుంది గనక మన వాతావరణానికి అదే మేలు. మ్యాట్ వార్నిష్ తెల్లబడితే మాత్రం పైన ఒక గ్లాస్ పొర వేసి, ఆరాక, మంచి రోజు చూసి మ్యాట్ మళ్లీ వేయాలి.

ఎయిర్‌బ్రష్‌కి, అంటే రంగు చల్లే చిన్న గన్నుకి, గాలినిచ్చే కంప్రెసరులోనూ ఇదే కథ. నొక్కుకున్న గాలి వేడిగా బయటికొచ్చి, గొట్టంలో చల్లబడ్డాక నీరు విడుస్తుంది. నీటి ట్రాపు కంప్రెసరు దగ్గరే పెడితే వేడిగాలి దాన్ని దాటిపోయి, ఆ తర్వాత గొట్టంలో నీరవుతుంది. అందుకే రెండో ట్రాపు ఎయిర్‌బ్రష్‌కి దగ్గరగా, గొట్టం చివర ఉండాలి. పని అయిపోగానే ట్యాంకు అడుగున ఉన్న మర తిప్పి నీరు వదిలెయ్యండి. వానాకాలంలో అక్కడి నుంచి నిజంగానే నీళ్లు కారతాయి, తుప్పు రంగులో.

కారు పెయింటింగ్ షాపులో దొరికే ఎన్‌సి (నైట్రోసెల్యులోజ్) థిన్నరు బ్రష్షులు, ఎయిర్‌బ్రష్ కడగడానికి బాగుంటుంది. ప్లాస్టిక్ మీద వద్దు, పాలిస్టైరీన్‌ని తినేస్తుంది. ఎన్‌సి పుట్టీ కూడా అతుకు మీద గోరంత పలచగా రాస్తే సరే. మందంగా పెడితే లోపలి ద్రావకం పోయేదాకా ఆ చోటు మెత్తగానే ఉండి, వారం తర్వాత గుంటపడుతుంది.

ఇప్పుడు స్టోర్చ్. జర్మన్‌లో ఆ మాటకి కొంగ అనే అర్థం. వరిచేలో దిగే కొంగను చూసినవాళ్లకి ఈ విమానం చక్రాల గురించి విడిగా చెప్పక్కర్లేదు. గాల్లో ఉన్నప్పుడు కాళ్లు కిందికి వేలాడతాయి, నేల తగిలాక లోపలికి కుదించుకుంటాయి. కాబట్టి నేల మీద నిలబెట్టే మోడల్‌కి కాలు పొట్టిగా, గాల్లో ఎగిరే మోడల్‌కి పొడుగ్గా ఉండాలి. నిలబెట్టిన విమానానికి వేలాడే కాళ్లు పెట్టడం స్టోర్చ్ మోడళ్లలో ఎక్కువగా కనబడే తప్పు. నిలబడ్డ స్టోర్చ్ ఫొటో పక్కన పెట్టుకుని, అవసరమైతే ప్రధాన స్ట్రట్ (ఊతకడ్డీ) లోంచి ముక్క కోసి, మధ్యలో 0.3 మి.మీ. తీగ పిన్ను దించి మళ్లీ అతికించండి. ఆ తీగ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. కరెంటు సామాన్ల షాపులో 14/0.3 అని అడిగితే ఇచ్చే ఒక చదరపు మి.మీ. ఫ్లెక్సిబుల్ వైరులో 0.3 మి.మీ. రాగి పోగులు 14 ఉంటాయి. 24/0.2 వైరులో 0.2 మి.మీ. పోగులు 24. ఒక మీటరు కొంటే మూడు నాలుగు కిట్లకు చాలు.

క్యాబిన్ అద్దాలే ఈ కిట్‌కి పరీక్ష. కూర్చున్నవాళ్లు నిట్టనిలువునా కిందికి చూడగలిగేలా పక్క అద్దాలు బయటికి ఉబ్బి ఉంటాయి. పైకప్పూ అద్దమే. రెక్కలొచ్చి ఆ కప్పుకే ఆనతాయి. అంటే 198 మి.మీ. రెక్కల బరువు అద్దం ముక్క మీద పడుతుంది. అందుకని అద్దాన్ని ఆసరా అనుకోకండి. రెక్క మొదట్లో, క్యాబిన్ పైచట్రంలో 0.4 మి.మీ. బిట్‌తో రంధ్రాలు చేసి రాగిపోగు పిన్నులు దించండి. వి ఆకారపు స్ట్రట్లు పెట్టేదాకా రెక్కల కింద రెండు వైపులా ఒకే ఎత్తులో అగ్గిపెట్టెలో, థర్మాకోల్ ముక్కలో ఆనించి ఉంచండి. స్ట్రట్లు అతికి రాత్రంతా ఆరాకే ఆ ఆసరా తీయాలి.

సూపర్ గ్లూ అద్దాల దగ్గరికి రానీయకండి. అది గట్టిపడేటప్పుడు లేచే ఆవిరి అద్దం మీద తెల్లటి పొగలా అంటుకుంటుంది. ముందు అద్దానికి తెల్ల ఫెవికాల్ సరిపోతుంది. ఆరితే పారదర్శకంగా అవుతుంది, ఎక్కువైతే తడిగుడ్డతో తుడిచెయ్యొచ్చు. బలం కావలసిన పక్క అద్దాలకి పలచటి ప్లాస్టిక్ సిమెంటు, సన్న బ్రష్షు కొసతో, చట్రం అంచున ఒక్క చుక్క. బ్రష్షుని ముందు సీసా మూతికి తుడవాలి. పెద్ద చుక్క పడితే అతుకు దాటి అద్దంలోకి పాకుతుంది, ఆ మచ్చ పోదు.

చట్రాలకి రంగు వేసే వరస ముఖ్యం. అద్దాలకి టేపు వేశాక మొదట ఆర్‌ఎల్‌ఎం 02 బూడిదరంగు (ఆర్‌ఎల్‌ఎం అంటే నాటి జర్మన్ విమానయాన శాఖ, అంకె దాని రంగు నంబరు) కొట్టాలి, దాని మీద బయటి ఆకుపచ్చ. లోపల్నుంచి చూస్తే అద్దంలోంచి 02 రంగే కనబడుతుంది. అసలు విమానంలో లోపలి గొట్టాల చట్రం రంగు అదే. టేపు సన్నగా కోసే ఓపిక లేకపోతే ఇంకో దారి ఉంది. ఖాళీ డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే బొమ్మ) కాగితం మీద రంగు కొట్టి, ఆరాక 0.7 మి.మీ. పట్టీలుగా కోసి, చట్రాల మీద డెకాల్‌లాగే అతికించడం. వంపు అద్దాల మీద టేపుకన్నా ఇదే శుభ్రంగా కుదురుతుంది.

స్టోర్చ్ ఒళ్లు ఉక్కు గొట్టాల మీద గుడ్డ, రెక్కలు చెక్క మీద గుడ్డ. ఈ ఒక్క మాట గుర్తుంటే వెదరింగ్‌లో, అంటే వాడి పాతబడ్డట్టు చూపే పనిలో, సగం తప్పులు తప్పుతాయి. రేకు విమానానికి వేసినట్టు ప్యానెల్ గీతల్లో నల్ల వాష్ (బాగా పలచన చేసిన రంగు) నింపకూడదు, ఎందుకంటే ఇంజను కప్పు దగ్గర తప్ప అక్కడ ప్యానెళ్లు లేవు. రెక్కల పక్కటెముకల గీతలు కిట్‌లో 0.1 మి.మీ. లేచి ఉన్నా అసలులో అది 7 మి.మీ. అవుతుంది, బిగించిన గుడ్డ అంత లేవదు. 1500 నంబరు వాటర్ పేపరుతో తడిపి రెండు మూడు సార్లు నిమిరితే తగ్గుతుంది. రెక్క ముందు అంచు పొడవునా ఉండే స్లాట్ (సన్నటి పట్టీ) కదలదు, కానీ దానికీ రెక్కకీ మధ్య సందు ఉంటుంది. పుట్టీ పనిలో ఆ సందు పూడిపోకుండా చూడండి. ఈ విమానం 60 మీటర్ల లోపే గాల్లోకి లేవగలగడానికి ఆ సందూ ఒక కారణం.

పైన ఆర్‌ఎల్‌ఎం 70, 71 ఆకుపచ్చలు ముక్కలు ముక్కలుగా, కింద ఆర్‌ఎల్‌ఎం 65 లేతనీలం. గన్జ్ కంపెనీ ఆక్వియస్ రంగుల్లో ఇవి హెచ్-65, హెచ్-64, హెచ్-67, లోపలి 02 రంగు హెచ్-70. ముందు లేత 71 మొత్తం కొట్టి, 24 గంటలు ఆరనిచ్చి, వానాకాలమైతే 48, తర్వాత టేపు అంచులతో 70. రెండిటికీ తేడా చాలా తక్కువ. ఇంత చిన్న మోడల్ మీద నేరుగా కొడితే మొత్తం ఒకే నల్లపచ్చగా కనబడుతుంది. 71లో పదో వంతు లేత బూడిదరంగు కలపండి. ఎడారి స్టోర్చ్‌కి పైన ఆర్‌ఎల్‌ఎం 79 ఇసుకరంగు, కింద 78. తూర్పు యుద్ధరంగపు విమానానికి ఒళ్లు చుట్టూ పసుపు పట్టీ, మధ్యధరా వైపు తెల్ల పట్టీ.

లారీకి రంగు ఎంచేముందు సంవత్సరం ఎంచుకోండి. 1940 నడిమి నుంచి 1943 ఫిబ్రవరి దాకా ముదురు బూడిద, జర్మన్ రంగుల పట్టికలో ఆర్‌ఏఎల్ 7021. ఆ తర్వాత ముదురు పసుపు డుంకెల్‌గెల్బ్, దాని మీద ఆలివ్ పచ్చ, ఎర్ర గోధుమ రంగులు. 1944 ఆగస్టులో బ్రాండెన్‌బర్గ్ ఒపెల్ ఫ్యాక్టరీ బాంబుదాడిలో దెబ్బతింది. అదే లారీని మాన్‌హైమ్‌లో డైమ్లర్-బెంజ్ కూడా తయారుచేసింది, పెట్టెలాంటి సాదా క్యాబిన్‌తో. ఆ చదును క్యాబిన్ ఉన్న లారీకి 1941 నాటి బూడిదరంగు వేస్తే రెండూ పొసగవు. 7021 నిజానికి నలుపుకి దగ్గర. టామియా కంపెనీ రంగు ఎక్స్‌ఎఫ్-63 నాలుగు పాళ్లకి ఎక్స్‌ఎఫ్-19 ఒక పాలు కలిపితే చిన్న మోడల్ మీద కంటికి ఆనుతుంది. తెలుపు కలిపితే సుద్దలా అవుతుంది. థిన్నరు, రంగుకి ఒకటిన్నర రెట్లు, గాలి 15 పిఎస్ఐ. వైమానిక దళపు ట్యాంకరు కాబట్టి నంబరు పలక డబ్ల్యూఎల్‌తో మొదలవ్వాలి. డబ్ల్యూహెచ్ భూసైన్యం బండ్లది. డెకాల్ షీటులో రెండూ ఉంటే చేతికొచ్చింది అతికించెయ్యకండి.

వెనక జంట చక్రాలు అతికించేటప్పుడు రెండు టైర్ల మధ్య సన్నటి సందు ఉండాలి, ఒకదానికొకటి అంటుకోకూడదు. టైరు అడుగున 0.3 మి.మీ. మేర వాటర్ పేపరు మీద సమంగా రుద్దితే బరువు మోస్తున్నట్టు కూర్చుంటుంది. ఆరూ గాజుపలక మీద ఆనాయో లేదో జిగురు తడిగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

ఇంధనపు గొట్టానికి సెల్‌ఫోన్ రిపేరు షాపులో దొరికే 0.8 మి.మీ. సోల్డర్ తీగకి సాటి లేదు. 72తో గుణిస్తే 57 మి.మీ. పైచిలుకు, గొట్టానికి సరిపోయే లావు. ప్లాస్టిక్ తీగ వంచినచోట నిలవదు, స్ప్రింగులా లేస్తుంది. సోల్డర్ తన బరువుకే కిందికి దిగి, నేల మీద గొట్టం పడుకున్నట్టే పడుకుంటుంది. పెన్సిలు చుట్టూ ఒక చుట్టు చుట్టి, వదిలి, వేలితో నేలకి నొక్కండి, అంతే. లారీ నుంచి స్టోర్చ్ రెక్క దాకా పైకి లేచే భాగం మాత్రం మధ్యలో ఎవరో ఒకరు పట్టుకున్నట్టు ఉండాలి. గాల్లో తేలే గొట్టం చూడగానే అబద్ధమని తెలుస్తుంది. సోల్డర్‌లో సాధారణంగా సీసం ఉంటుంది, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. రంగు కోసం నలుపు వద్దు, ముదురు బూడిదకి కొంచెం గోధుమ రంగు కలపండి. జర్మన్ వైమానిక ఇంధనం బి4 నీలం రంగు, సి3 ఆకుపచ్చ రంగు కలిపి ఉండేవి. ఒలికిన మరకలో ఆ ఛాయ రవ్వంత చూపితే చాలు, ఎక్కువైతే సిరా ఒలికినట్టుంటుంది.

డెకాళ్లకి బోరు నీళ్లు వాడకండి. రొయ్యల చెరువుల వైపు ఊళ్లలో ఆ నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆరాక డెకాల్ చుట్టూ తెల్లటి చారలు మిగులుతాయి. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ సీసా అడగండి. పక్కనే యాసిడ్ సీసా ఉంటుంది, చీటీ చదివి తీసుకోండి. డెకాల్ కింద వెండిలా మెరుపు రావడానికి కారణం గరుకు రంగులో చిక్కుకున్న గాలి, కాబట్టి ముందు గ్లాస్ కోటు తప్పదు. కాగితం 20 నుంచి 30 సెకన్లు నానాక బయటికి తీసి, జారేదాకా ఆగి అప్పుడు తోయాలి. నీళ్లలోనే వదిలేస్తే జిగురు కడిగిపోతుంది. తేమలో పసుపెక్కిన పాత షీటుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఎండ పడే కిటికీకి కొన్నాళ్లు అతికిస్తే చాలావరకు తెల్లబడుతుంది.

తోక మీది హాకెన్‌క్రాయిజ్ గుర్తు చాలా పెట్టెల్లో ఉండదు, లేదా రెండు ముక్కలుగా ఉంటుంది. జర్మనీ చట్టం దాన్ని నిషేధించింది. మన గడప మీద వేసే స్వస్తిక్ వేరు, ఒక మూల మీద నిలబెట్టిన ఈ నాజీ గుర్తు వేరు. ఇంట్లో అద్దాల అలమరలో పెట్టేవాళ్లు అది వేయకపోయినా మోడల్‌కి లోటు లేదని నా అభిప్రాయం. వేస్తే మాత్రం అది ఎవరి గుర్తో అడిగిన పిల్లలకి ఉన్నదున్నట్టు చెప్పాలి.

నేలకి మన గోదావరి ఒండ్రు బాగా పనికొస్తుంది. ఎండబెట్టి, దంచి, పాత నైలాన్ సాక్స్‌లో పోసి జల్లించండి. 0.5 మి.మీ. ఇసుకరేణువు ఈ స్కేలులో 36 మి.మీ. గులకరాయి అవుతుంది గనక సాక్స్‌లోంచి దిగిన పొడే మట్టి, పైన మిగిలింది రాళ్లు. పొడి రెండు పాళ్లు, ఫెవికాల్ ఒకటి, నీళ్లు ఒకటి కలిపి 2 మి.మీ. మించకుండా పరవండి. బంకమట్టి ఆరేటప్పుడు కుదించుకుని బీటలు వేస్తుంది, మందం పెరిగినకొద్దీ బీట పెద్దది. రెండు పొరలుగా వేస్తే తప్పుతుంది. సముద్రపు ఇసుక కడగకుండా వాడితే వానాకాలంలో ఉప్పు పైకి పూస్తుంది. గడ్డికి కొబ్బరిపీచు వాడాలని కోనసీమలో ఎవరికైనా అనిపిస్తుంది గానీ ఆ పోగు చాలా లావు, 1/72లో వెదురు కర్రలా ఉంటుంది. గోగునారని దువ్వెనతో చీల్చి 3 మి.మీ. ముక్కలు చేస్తే జానెడు గడ్డి. యాంటెన్నా తీగ ఉన్న విమానాలకి వలలు బాగుచేసే దుకాణంలో దొరికే అన్నిటికంటే సన్నటి నైలాన్ దారం తెచ్చుకోండి.

అయిపోయిన మోడల్‌ని గాజుపెట్టెలో, అడుగున సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. నీలం గింజలు గులాబి రంగుకి తిరిగితే తేమ పీల్చడం ఆపేశాయని అర్థం. పాత పెనం మీద సన్న సెగన మళ్లీ నీలం వచ్చేదాకా వేయించి, చల్లారాక పెట్టెలో పెట్టండి. వానాకాలంలో పదిహేను రోజులకోసారి చూసుకోవాలి, లేకపోతే ముందుగా తుప్పుపట్టేది ఇత్తడి ఫొటో ఎచ్ ముక్కలు (రసాయనంతో కోసిన పలచటి రేకులు) కాదు, మీరు పెట్టెలోనే మర్చిపోయిన ఉక్కు బ్లేడు.